కత్తికి ముందు చీపురు

అనర్హుల చేతికి కత్తి చిక్కకుండా చూడటంలో హోసూరు, కృష్ణగిరి ప్రాంతం లోకానికే దారి చూపుతోంది. జపాన్ ఖడ్గవిద్య నేర్పే బడులు ఇక్కడ మూడున్నాయి. ఇంతవరకు ఎవ్వరికీ గాయం కాలేదు. (ఎవ్వరికీ కత్తి ఇవ్వలేదు కూడా.)

ఈ ఘనత తెలియక, హోసూరులో విడిభాగాల ఫ్యాక్టరీలో తనిఖీ పని చేసే వినుతకు కత్తి నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. ఎవరినో నరకాలని కాదు పాపం. జపాన్ కత్తిని రెండు చేతులతో పట్టుకుంటారని ఒక వీడియోలో చూసింది. రెండు చేతులూ కత్తి మీదే ఉంటే, ఆ గంటసేపయినా తన చేతిలో ఇంకెవరూ ఏమీ పెట్టలేరు కదా అని ఆశ. ఇంట్లో భర్త తిలక్ ‘సాక్సు యాడ? చార్జర్ యాడ?’ అని అడగడానికి తప్ప నోరు తెరవడు.

సరైన బడిని ఎంచుకోవడమే ఈ విద్యలో తొలి మెట్టని పెద్దలంటారు. హోసూరు బడిలో కరాటే, అబాకస్, హిందీ ట్యూషన్, ఖడ్గవిద్య ఒకే గదిలో ఒకేసారి జరుగుతాయి. “కత్తి విడిగా ఇయ్యము మేడం, అబాకస్‌తో కలిపే” అన్నారు. సూళగిరి బడి పూర్తిగా యాప్‌లోనే ఉంది. ఫోనునే కత్తి అనుకుని విసరమన్నారు. విసిరింది. మిక్సీ జార్ పోయింది.

మిగిలింది కృష్ణగిరి. ఇదే అసలు సిసలు సంప్రదాయమని దాని బోర్డే చెబుతోంది. ప్రవేశాల కార్యదర్శి ధనశేఖర్ సామాన్యుడు కాడు, జపాన్ గురువును ఫోటోలో దగ్గరగా చూసినవాడు.

“కొత్తోళ్ళు ముందు నేల ఊడ్చల్లమ్మా. అహంకారం పోవల్ల. ఆ తర్వాతే చెక్కకత్తి. ఆర్నెల్లన్నా పడుతుంది” అన్నాడాయన.

వినుత చీపురందుకుంది. ఆయన టీ తాగడం ముగించేలోపు హాలు, మెట్లు, బీరువా కింద, తలుపు వెనక అన్నీ అద్దంలా అయిపోయాయి. వెంటనే కమిటీ సమావేశమైంది. (కమిటీ అంటే ఆయన, ఆయన తమ్ముడు.)

“ప్రారంభ దశలో మీరు నేర్చుకోవాల్సింది ఏమీ లేదు వినుతమ్మా. కాబట్టి మిమ్మల్ని విద్యార్థిగా చేర్చుకోలేము. ఊడ్పు విభాగానికి ప్రధానాచార్యులుగా వేసినాము” అన్నాడు.

“కత్తి ఎప్పుడిస్తారు సార్?”

“కత్తి విద్యార్థులకమ్మా. మీరు గురువు గదా!”

రాజీనామా చేస్తానంది. దానికీ నిబంధన ఉంది. ఆ విభాగంలో ఉత్తీర్ణుడైన వారసుణ్ణి తయారుచేస్తేనే గురువు పదవి వదిలి విద్యార్థి కాగలదు.

‘ప్రధానాచార్యులు’ అని బడివాళ్ళు ఇచ్చిన వినుత గుర్తింపు కార్డు చూసి తిలక్‌కు రోషం పొడుచుకొచ్చింది. ఆదివారం బస్సెక్కి ఆమె వెంటే వచ్చి తనూ చేరాడు. బడిలో ఆమెను మేడం అనాలన్న షరతుకు కూడా ఒప్పుకున్నాడు. తెల్లబట్టలు కట్టి, చీపురు పట్టి, ఫోటో స్టేటస్‌లో పెట్టాడు. వినుత అత్త మంజులమ్మ ఫోన్ చేసి, “మా వాడు జపాన్ విద్య నేర్చినాడు!” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇంతకాలం ఇంట్లో నేల ఊడ్చిన కోడలిని మెచ్చుకునే అవకాశం ఆవిడకు రాలేదు, అక్కడ జపాన్ ఏదీ కనబడలేదు మరి.

ఆ విభాగానికి తిలక్ ఒక్కడే విద్యార్థి. అంటే వినుత కత్తి పట్టాలంటే ఈ మహానుభావుడు ఊడ్వడం నేర్వాలి. వారం వారం ఆమె ఓపికగా నేర్పింది. వారం వారం అతను హాలు నడుమ ఊడ్చి, మూలలు వదిలేసి, నడుము పట్టుకుని కూర్చున్నాడు.

“ఇంకెన్నాళ్ళు పడుతుందమ్మా?” అని ధనశేఖర్ అడిగాడు.

“పెళ్ళయి పదేండ్లు దాటింది సార్. ఇంట్లో చీపురు యాడుంటుందో పోయిన వారమే కనుక్కున్నాడు.”

అంతలో హాల్లోంచి కేక వినిపించింది. “మేడం! ఊడ్చినాను. ఈ చెత్త యాడ వెయ్యల్ల?”

గోడకు తగిలించిన చెక్కకత్తిని వినుత ఒకసారి చూసింది. లేచి వెళ్ళి, నిండిన చేటను రెండు చేతులతో అందుకుంది.

ఇది రాసే సమయానికి కూడా బడిలో ఎవ్వరికీ గాయం కాలేదు.