ఆపితే మళ్లీ కదలదు

ఆ ఆదివారం పోస్టుమాస్టరు గారి పథకం చాలా చిన్నది. ఆరింటికి లేచి కారు ప్లగ్గులు నాలుగూ విప్పడం, మసి తుడిచి మళ్లీ బిగించడం, ఎనిమిదింటికల్లా స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, భార్యను పక్కన కూర్చోబెట్టుకుని నది ఒడ్డు రోడ్డు మీద ఒక చుట్టు తిరిగి రావడం. అంతే.

ఆయన రిటైరై నాలుగు నెలలు. కారు ఇంటికొచ్చి వారం. ఆకుపచ్చ రంగు, పైకప్పు లేని పాతకాలపు స్పోర్ట్సు కారు. ఆయన కుర్రతనంలో అలాంటిది ఊరు మొత్తానికి ఒక్కటే ఉండేది. అది వస్తోందంటే సైకిళ్లు వాటంతట అవే పక్కకు తప్పుకునేవి. ఇప్పుడు ఈయన కొన్నది మాత్రం దగ్గుతూ, తుమ్ముతూ గేటు దాకా వచ్చి అక్కడ కూలబడింది. దాని జబ్బు గురించి ఆయన మెకానిక్కుని అడిగారు, ఎదురింటి ప్లీడరు గారిని అడిగారు, గ్యాసు బండ తెచ్చేవాణ్ణి కూడా అడిగారు. భార్యను మాత్రం అడగలేదు. ఆవిడ కారును ఒకసారి ఎగాదిగా చూసి, "ఊఁ" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ "ఊఁ"కి అర్థమేమిటో ముప్ఫై ఐదేళ్ల కాపురంలో ఆయనకు ఎన్నడూ అంతుపట్టలేదు.

ఏడింటికి ప్లగ్గులు తళతళలాడాయి. తీగలు తగిలించి తాళం తిప్పితే కారు ఉలకలేదు, పలకలేదు. మెకానిక్కుకి ఫోను చేశారు.

"పల్లంలోకి తోయించండి సార్, అదే అందుకుంటుంది. అందుకున్నాక మాత్రం ఆపొద్దు. బ్యాటరీ ఎక్కేదాకా గంటసేపు తిప్పుతూనే ఉండండి. ఆపారో, మళ్లీ కదలదు."

పక్క వీధిలో ఉండే అల్లుడు పొద్దుటి నడక ముగించుకుని అప్పుడే అటు వచ్చాడు. మామగారు తోయమంటే ఏ అల్లుడు కాదనగలడు? తోశాడు. కారు పల్లంలో నాలుగు గజాలు జారి, "ఢాం" అని పేలి, అందుకుంది. పోస్టుమాస్టరు గారు అప్పటికి పైజమా, బనీనులో ఉన్నారు. చొక్కా కోసం దిగితే కారు ఆగిపోతుంది. పరువా, కారా అని ఒక్క క్షణం ఆలోచించి, కారు వైపే మొగ్గారు.

ఇళ్ల వరస చుట్టూ తిరిగి మళ్లీ ఇంటి ముందుకొచ్చేసరికి భార్య గేటు దగ్గర ఉంది.

"ఎక్కడికండీ, ఆ బనీనుతో?"

"ఆగను! ఇక ఆగేది లేదు!" అని అరుస్తూ ఆయన సాగిపోయారు.

ఎదురింటి వరండాలో పేపరు చదువుతున్న ప్లీడరు గారు కళ్లజోడు సవరించుకున్నారు. "విన్నావా అమ్మా? రిటైరైనవాళ్లకు ఇలాగే వస్తుంది. నా క్లయింటు ఒకాయన సరిగ్గా ఇలాగే బనీనుతో బయల్దేరాడు. విడాకుల దాకా వెళ్లింది."

ఆవిడ కారు వెళ్లిన వైపు తిరిగింది. తల కొద్దిగా పక్కకు వంచి, కళ్లు మూసుకుని అలాగే నిలబడింది. "అయ్యో, అత్తయ్యకు నోట మాట రావట్లేదు," అని అల్లుడు కంగారుపడి భార్యకు ఫోను చేశాడు. ఆమె ఏడుస్తూనే పరుగెత్తుకొచ్చింది.

రెండో చుట్టుకి పెట్రోలు ముల్లు అడుగంటింది. "పెట్రోలు తెండి! పెట్రోలు!" అని పోస్టుమాస్టరు గారు చేతులూపారు. సగం మాట పొగగొట్టం పేలుడులో కొట్టుకుపోయింది.

"పెట్టె అడుగుతున్నాడు," అని ప్లీడరు గారు తర్జుమా చేశారు. "పెట్టె ఇచ్చే నెపంతో దగ్గరికెళ్లి ఆపండి."

కూతురు కళ్లు తుడుచుకుంటూ నాన్న బట్టలు పెట్టెలో కుక్కింది. మూడో చుట్టులో అల్లుడు కారు పక్కన పరుగెత్తాడు. "తొందరపడకండి మావయ్యా! కూర్చుని మాట్లాడుకుందాం!" కారు ఆగలేదు. పెట్టె మాత్రం వెళ్లి పక్క సీట్లో పడింది.

పెట్రోలు అడిగితే పెట్టె వచ్చింది. పోస్టుమాస్టరు గారికి సంగతి అర్థమైపోయింది. ఒక్క కారు కొన్నందుకు ఇంట్లోంచి పంపించేస్తున్నారన్నమాట! నది ఒడ్డు సంగతి దేవుడెరుగు, ఆవిడ ముఖం ఒక్కసారి చూసి పోదామని నాలుగో చుట్టు తిరిగారు. వెనక స్కూటరు మీద కూతురూ అల్లుడూ, ఆ వెనక సైకిలు మీద ప్లీడరు గారు. ఎవరి ఊరేగింపో అనుకుని జనం కిటికీలు తెరిచారు.

ఆవిడ రోడ్డు మధ్యకొచ్చి చెయ్యి అడ్డం పెట్టింది. బ్రేకు వేయక తప్పలేదు. కారు ఒక్క పేలుడు పేలి చల్లబడింది.

"అయిపోయింది," అన్నారాయన. కారు గురించో, కాపురం గురించో ఆయనకే తెలియదు.

"దిగండి."

పెట్టె పట్టుకుని దిగారు.

"పెట్టె ఎందుకండీ?"

"నువ్వేగా పంపించావ్?"

"నేనా?" ఇద్దరూ ప్లీడరు గారి వైపు చూశారు. ఆయన సైకిలు గంట మరను శ్రద్ధగా బిగించుకోసాగారు.

ఆవిడ అప్పటికే బానెట్టు ఎత్తింది. "రెండో తీగ మూడో ప్లగ్గుకి, మూడోది రెండోదానికి తగిలించారు. నాలుగింట్లో రెండే పనిచేస్తున్నాయి. ఇందాకట్నుంచీ వింటూనే ఉన్నాను." తీగలు రెండూ మార్చి స్టీరింగు ముందు కూర్చుంది. "బాబూ, ఒక్క తోపు తొయ్యి."

కారు దగ్గలేదు, తుమ్మలేదు. తుమ్మెదలా ఝుమ్మంది. పోస్టుమాస్టరు గారు పరుగున వెళ్లి పక్క సీటెక్కారు. ఆవిడ ముందు పెట్రోలు బంకుకీ, అక్కడి కుర్రాళ్ల చేత మరో తోపు తోయించి నది ఒడ్డుకీ తిప్పింది.

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావ్?"

"మా నాన్న షెడ్డులో స్పానర్లు అందించింది ఎవరనుకున్నారు? డ్రైవింగూ అక్కడే."

మామగారికి కార్ల షెడ్డు ఉండేదని ఆయనకు తెలుసు. దాన్ని తలుచుకున్నప్పుడల్లా మామగారొక్కరే కనిపించేవారు. "ఒక్కసారీ చెప్పలేదే!"

"పెళ్లి కుదిరాక అమ్మ అంది, 'పోస్టాఫీసు సంబంధమే, గ్రీజు సంగతి ఎత్తకు' అని. తర్వాత మీరూ అడగలేదు. మొన్న వీధంతా అడిగారు. నన్ను తప్ప." చివరి మాట దగ్గర ఆవిడ గొంతు కొంచెం తగ్గింది.

ఆయన నది వైపు చూస్తూ అన్నారు. "పెళ్లయిన కొత్తలో మనం బస్సు కోసం నిలబడితే డాక్టరు కారు వెళ్లింది. అచ్చం ఇలాంటిదే. మలుపు తిరిగేదాకా నువ్వు చూస్తూనే ఉన్నావ్. డాక్టరునే చూస్తున్నావనుకున్నాను. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. నన్నూ ఒకసారి అలా చూస్తావని, అందుకే కొన్నాను."

ఆవిడకు నవ్వు ఆగక కారు నెమ్మది చేయాల్సి వచ్చింది. "ఆ డాక్టరు ముఖం కూడా నాకు గుర్తులేదండీ! ఇంజను చప్పుడు విన్నాను. నాన్న చెయ్యి పడితే ఎంత బాగుపడేదో అనుకున్నాను. పుట్టిల్లు గుర్తొచ్చింది."

గాలికి బనీను రెపరెపలాడుతుంటే పోస్టుమాస్టరు గారు గేరు మీదున్న ఆవిడ చేతి మీద చెయ్యి వేశారు. గేరు మార్చాలి, తీయమంది. తీశారు.

ఆ రోజు నుంచి కారు ఆవిడ చేతిలో చక్కగా నడుస్తోంది; బజారుకీ, బ్యాంకుకీ పోస్టుమాస్టరు గారు కూడా నడుస్తున్నారు.