నిద్రపోయే మానుకు నీళ్ల వారోత్సవం

"ఐదేళ్లు తిరిగేసరికి ఈ అడవిలో ఏ జీవీ ఎండాకాలం నాలుక బయటపెట్టి తిరగదు. ఇది నా మాట. నా కొమ్ముల మీద ఒట్టు."

ఒక పెద్ద అడవిలో, నల్లమడుగు గట్టు మీద నిలబడి, అడవి పంచాయతీ అధ్యక్షుడు భీమలింగం అన్న మాట ఇది. భీమలింగం అడవిదున్న. ఒంటి నిండా కండ, గొంతు నిండా నినాదం. ఆయన ముందు గుంటలో బెత్తెడు మొక్క ఒకటి నిలబడి ఉంది. చుట్టూ చేరిన జంతువులన్నీ కేరింతలు కొట్టాయి. ముళ్లపంది సూరమ్మ మాత్రం కొట్టలేదు. ఆమెకు అసలు సంగతి తెలుసు.

ఆ మొక్క గింజ తెచ్చింది చాతక పక్షి. ఏటా తొలకరి మబ్బులతో పాటు ఆఫ్రికా నుంచి సముద్రం దాటి వస్తుంది గనుక అడవిలో అందరూ ఆమెను వానక్క అంటారు. అక్కడ బావోబాబ్ అనే చెట్టు ఉంటుందనీ, ఏనుగంత మాను వేస్తుందనీ, వానలప్పుడు తాగిన నీళ్లు ఒంట్లోనే దాచుకుంటుందనీ చెప్పి వానక్క పదకొండు గింజలు ఇచ్చింది. గింజల పెంకు రాయిలా ఉంది. ఏ తడికీ నానని ఆ పదకొండింటిలో, ఏనుగు కడుపులోంచి బయటపడ్డాక, ఒకటి మొలిచింది. అడవి దానికి ఏనుగుమాను అని పేరు పెట్టుకుంది.

అంత లావు కావడానికి ఎన్నాళ్లు పడుతుందని సూరమ్మ ఆ రోజే అడిగింది.

"నీ మనవరాలి మనవరాలిని అడగమను, చెప్తా," అంది వానక్క.

పంచాయతీ కార్యదర్శి తొండ తాతారావు దాన్ని 'ఐదేళ్లు' అని రాసుకున్నాడు. పంచాయతీ గడువు ఐదేళ్లు మరి. గడువు దాటి పెరిగే చెట్టు ఆయన దృష్టిలో చెట్టే కాదు. తాతారావు ఎవరేమన్నా తల ఊపుతాడు. ఎవరూ ఏమీ అనకపోయినా అలవాటు కొద్దీ ఊపుతాడు. ఆ గుణం చూసే కార్యదర్శిని చేశారు.

మొక్కకు కాపలా కావలసి వచ్చింది. కుందేలును పెడితే ఆకు ఉండదు. అడవిపందిని పెడితే గుంటే ఉండదు. ముళ్లపందిని పెడితే వేరు ఉండదని అందరికీ తెలుసు గానీ, ఆ పనికి అర్జీ పెట్టుకున్నది సూరమ్మ ఒక్కతే. చిన్నప్పుడు ఒక ఎండాకాలం తన చెల్లెలు ఎండిన మడుగు ఒడ్డున బురద నాకుతూ చచ్చిపోవడం ఆమె చూసింది. ఆ మాట అర్జీలో రాయలేదు. అర్జీలో అందుకు చోటు లేదు.

పంచాయతీ ఒక షరతు పెట్టింది. కాపలాదారు తప్పు వల్ల మొక్క చస్తే ముళ్లపంది కులమంతా వాగు ఒడ్డు బొరియలు ఖాళీ చేసి బోడిగుట్టకు పోవాలి. బోడిగుట్ట మీద రాళ్లు తప్ప ఏమీ లేవు. సూరమ్మ తన ముల్లు ఒకటి పీకి, దానితోనే సంతకం పెట్టింది.

వెళ్లేముందు వానక్క రెండు ముక్కలు చెప్పింది. వానల్లో ఎంతైనా తాగనివ్వు. ఆకు రాల్చిందంటే పడుకున్నట్టు లెక్క, అప్పుడు చుక్క నీరు కూడా పోయొద్దు, పోస్తే కుళ్లుతుంది.

ఇంకొక సంగతి ఆమె చెప్పలేదు, సూరమ్మే కనిపెట్టింది. ఏనుగుమాను పిల్లవేరు ముల్లంగిలా ఊరుతుంది. ముళ్లపంది ముక్కుకు ఆ వాసన తగులుతూ ఉంటే, తాగుబోతును కల్లు దుకాణానికి కాపలా పెట్టినట్టే. సూరమ్మ ఎండుకర్రలు నమిలింది. రాళ్లు నమిలింది. వేరు జోలికి పోలేదు. కార్తీకానికి మొక్క ఆమె వీపు దాటి ఎదిగింది. పుష్యంలో ఒక్కొక్క ఆకే రాల్చి, బోసికర్రలా నిలబడి, హాయిగా నిద్రపోయింది.

ఫాల్గుణంలో తనిఖీ వచ్చింది.

తనిఖీ అధికారి కొంగ ధ్యానేశ్వర్రావు. ఒంటికాలి మీద కళ్లు మూసుకుని నిలబడితే తపస్సనుకుని ఆయనకు ఆ శాఖ ఇచ్చారు. ఆ తపస్సు దేనికో చేపల్ని అడగాలి, చెప్పడానికి అవి మిగల్లేదు.

"ఆకులెన్ని?" అన్నాడు ధ్యానేశ్వర్రావు.

"ఇప్పుడుండవు బాబూ. పడుకుంది."

"పంచాయతీ మొక్క అయ్యుండి పట్టపగలు పడుకోవడమేంటమ్మా?"

సూరమ్మ గోటితో బెరడు కాస్త గీరి చూపించింది. లోపల లేత పచ్చగా ఉంది.

"బెరడు కింద రంగుకు నా ఫారంలో గడి లేదు," అన్నాడు ఆయన. "ఆకులకు ఉంది. అందులో సున్నా పడితే కింది గడిలో 'మృతి' దానంతటదే పడుతుంది. నేను వేసేది కాదు."

"అయితే తనిఖీ వానాకాలంలో పెట్టండి."

"సంవత్సరం ముగిసేది ఫాల్గుణంలో. నీ మొక్క కోసం సంవత్సరాన్ని జరపమంటావా?"

మృతి అని పడింది. కారణం గడిలో 'కాపలాదారు పళ్లపై అనుమానం' అని చేర్చాడు. తవ్వి వేరు చూడండని సూరమ్మ అనబోయి ఆగింది. తవ్వితే నిజంగానే చస్తుంది. నిర్దోషినని నిరూపించుకోవాలంటే మొక్కను చంపుకోవాలి. ఆమె నోరు మూసుకుంది. నోరు మూసుకోవడాన్ని నేరం ఒప్పుకోవడంగా ఆయన రాసుకున్నాడు.

కానీ ఆ నివేదిక భీమలింగానికి నచ్చలేదు. ఉగాదికి ఏనుగుమాను ఉత్సవం ఉంది. తూర్పు అడవి నుంచి అతిథులు వస్తున్నారు. వాళ్లకు బోసికర్ర ఎలా చూపిస్తాం అన్నాడు. తాతారావు తల ఊపాడు. చచ్చిందంటే పరువు పోతుంది అన్నాడు. ఊపాడు. కాబట్టి చావలేదు అన్నాడు. మరింత గట్టిగా ఊపాడు.

ఆ ఊపులోంచే నీళ్ల వారోత్సవం పుట్టింది. ఒక జీవి, ఒక బుర్ర నీళ్లు. కొండముచ్చులు కొమ్మకొమ్మనా ఎక్కి అరిచాయి: "నీరు పోయని చేయి, నేరం చేసిన చేయి!" చేతులు లేని పాములు కూడా ఆ నినాదానికి సిగ్గుపడి పుక్కిట పట్టి నీళ్లు తెచ్చాయి. ఏనుగులు తొండాలతో, కొండముచ్చులు సొరకాయ బుర్రలతో, అడవిపందులు మడుగులో పొర్లి వచ్చి ఒళ్లు విదిలించి, ఎవరికి చేతనైనట్టు వాళ్లు పోశారు. పోసిన ప్రతివాడూ నెమలి పక్కన నిలబడి, అది పురి విప్పాక, తన సేవను నలుగురికీ చూపించుకున్నాడు.

సూరమ్మ గుంటకు అడ్డంగా పడుకుంది. వద్దయ్యా, పడుకున్నదాని నోట్లో నీళ్లు పోస్తే ఊపిరాడక చస్తుంది అని మొత్తుకుంది. దున్నపోతు మీద వాన కురిసినట్టే అయింది. నీళ్లు ఆమె మీద కూడా పోశారు. ముళ్లు లేపితే, ప్రజాసేవకు ఆటంకం కలిగించిందని తాఖీదు ఇచ్చారు. మూడు రోజుల్లో సంజాయిషీ చెప్పుకోవాలని అందులో ఉంది. ఆమె అదే రోజు రాసిచ్చింది. తాతారావు చదవకుండానే తల ఊపి ఆకుల దొంతరలో పెట్టేశాడు.

వారం ముగిసింది. ఆకు రాలేదు. నీళ్లు చాలలేదని వారోత్సవాన్ని పక్షోత్సవం చేశారు. ఎండ ముదిరే రోజులు. నల్లమడుగు మొదట మోకాళ్లలోతుకు, తర్వాత గిట్టలలోతుకు దిగింది. అది కనబడుతూనే ఉంది. కానీ మడుగు తనిఖీ శ్రావణంలో గానీ లేదు.

ఉగాదికి రెండు రోజుల ముందు తాతారావుకు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, సొంతంగా ఒక ఆలోచన వచ్చింది. టేకు ఆకులు కోయించి, తీగలతో బోసికొమ్మలకు కట్టించాడు. ధ్యానేశ్వర్రావు మళ్లీ వచ్చి ఒంటికాలి మీద లెక్కపెట్టాడు. ఆకులు నలభై రెండు, ఆరోగ్యం అమోఘం, మృతి గడి ఖాళీ. అవి టేకు ఆకులు కదా అని సూరమ్మ అంటే, ఫారంలో ఏ చెట్టు ఆకులో అడగలేదన్నాడు.

ఉగాది వచ్చింది. తూర్పు అడవి పెద్ద, ఒక ముసలి ఏనుగమ్మ, పరివారంతో వచ్చి కూర్చుంది. భీమలింగం ఉపన్యాసం మొదలుపెట్టాడు. దాహం లేని అడవి, దగా లేని పాలన, ప్రతి వేరుకూ న్యాయం అన్నాడు. అని, మమకారం ఉట్టిపడేలా మొక్కను కొమ్ముతో నిమిరాడు.

మొక్క మొదలు పదిహేను రోజుల నీటికి మగ్గిన అరటిపండైపోయి ఉంది. చడీచప్పుడు లేకుండా తెగి, నలభై రెండు టేకు ఆకులతో సహా ఆయన కొమ్ముల మధ్య ఇరుక్కుంది. ఆయనకు తెలియలేదు. పెళ్లికొడుకు బాసికంలా అది నుదుటి మీద వేలాడుతూ ఉండగా, పచ్చదనం మన నెత్తిన పెట్టుకోవలసిన బాధ్యత అనే దాకా పోయాడు.

ముసలి ఏనుగమ్మ తొండం చాచి గుంటలోని మట్టిని వాసన చూసింది. తర్వాత ఎండిన మడుగు వైపు చూసింది.

"నాయనా, మడుగు నీళ్లన్నీ ఎక్కడికి పోయాయనుకున్నాను," అంది. "చెట్టు వచ్చి దాహం తీరుస్తుందని, చెట్టుకే తాగించారన్నమాట."

ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి కూడా గొంతు తడి ఉండాలి.

ఆ సాయంత్రమే విచారణ సంఘం కూర్చుంది. సభ్యులు ఇద్దరు: తాతారావు, ధ్యానేశ్వర్రావు. మొదటి నివేదిక దుమ్ము దులిపి తీశారు. మొక్క ఫాల్గుణంలోనే చచ్చింది, కాబట్టి పక్షోత్సవం దాన్ని చంపే అవకాశం లేదు. వేరు కాపలాదారు తిన్నది. పైగా నీళ్లు కూడా చాలలేదు, కాబట్టి వచ్చే ఏడు మాసోత్సవం చేయాలి. కుళ్లిన వేరు గుంటలో నిక్షేపంగా ఉంది కదా, పంటిగాటు లేదు కదా అని సూరమ్మ అడిగింది. గుంటలోకి దిగి చూసే అధికారం సంఘానికి ఇవ్వలేదని చెప్పారు.

ముళ్లపందులు బోడిగుట్టకు బయలుదేరాయి. ముసలివాళ్లు, పిల్లలు, కడుపుతో ఉన్నవాళ్లు. దారిలో ఎవరూ సూరమ్మతో మాట్లాడలేదు. ఆమె పెద్దమ్మ మాత్రం ఒక్క మాట అంది: "తిన్నా బాగుండేది కదే, రుచైనా తెలిసేది."

అడవి సరిహద్దులో కాపలా ముంగిస సూరమ్మను ఆపింది. ఆమె నోట్లో మూరెడు కర్ర ఉంది. అధ్యక్షుల వారి కొమ్ముల్లోంచి లాగి పారేసిన ముక్క అది. మొదలు కొరికేసి, కుళ్లు లేని చోటు దాకా చెక్కేసి ఉంది.

"ఏంటది?" అంది ముంగిస.

సూరమ్మ కర్ర కింద పెట్టింది. "నేను తిన్నానని మీరే రాశారుగా. ఇది మిగిలింది. దారిలో తింటాను."

ముంగిస నివేదిక తీసి చూసింది. సరిపోయింది. పోనిచ్చింది.

బోడిగుట్ట మీద కర్రను పది రోజులు నీడలో ఆరబెట్టి, రాళ్ల సందున గుచ్చింది సూరమ్మ. నీళ్లు పోద్దామన్నా అక్కడ లేవు. అదే దాని అదృష్టం. వైశాఖంలో కింద అడవి అంతా నాలుకలు బయటపెట్టి తిరిగింది. ఒట్టు పెట్టిన కొమ్ములు మాత్రం అలాగే ఉన్నాయి. మడుగు బురదలో ఒక దుప్పిపిల్ల పడిపోయింది, లేవలేదు. ఆ సంగతి గుట్ట మీదికి వచ్చిన రోజు సూరమ్మ కర్ర పక్కనే కూర్చుని, తన వీపు ముళ్లు ఒక్కొక్కటే పీకి పోగుపెట్టింది. రాయవలసింది చాలా ఉంది.

తొలకరి మబ్బులతో వానక్క వచ్చింది. నేరుగా నల్లమడుగుకు పోయి, ఖాళీ గుంట చూసి, అక్కణ్నుంచి గుట్టకు వచ్చింది. రాళ్ల సందున కర్ర చివర వేలెడంత ఆకు విప్పుకుని ఉంది.

"బతికిందని కిందవాళ్లకు చెప్పావా?" అంది.

"చెప్తే వచ్చి నీళ్లు పోస్తారు."

చెప్పలేదు గానీ, రాసింది. మూడు ప్రశ్నలు. ఐదేళ్లని రాసిన చేయి ఎవరిది? టేకు ఆకులు లెక్కపెట్టిన కన్ను ఎవరిది? దుప్పిపిల్ల ఏ గడి కిందికి వస్తుంది? అర్జీ అందగానే తాతారావు తల ఊపాడట. ఈ కథ చెప్పేనాటికి ఇంకా ఊపుతూనే ఉన్నాడు.

నీతి: చెట్టు బతకాలంటే ముందు అది కాగితం మీద చావాలి, కాదనేవారు రాబోయే శ్రావణ పౌర్ణమిలోగా సూరమ్మకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి.