దారిలో పగిలిన గిటారు

"కళాకారుడి ప్రాణం ఒంట్లో ఉండదు, వాద్యంలో ఉంటుంది. కాబట్టి నాకు బీమా లేకపోయినా ఫర్వాలేదు, నా గిటారుకు మాత్రం ఉండి తీరాలి" అని భవనాల అనుమతుల శాఖ పెద్దసారు తన వీడ్కోలు సభలో ప్రకటించారు. సభ చప్పట్లు కొట్టింది. అంతకు ముందు ఆయన గొంతు సవరించుకున్నప్పుడు కూడా అదే సభ అంతే గట్టిగా కొట్టింది కనుక, ఆ చప్పట్లను మనం మరీ మనసుకు పట్టించుకోనక్కర్లేదు.

పెద్దసారుకు వేరే ఊరికి బదిలీ అయింది. మంచాలూ బీరువాలూ లారీలో పోతాయి, భార్యాభర్తలు రైల్లో పోతారు. గిటారు ఎలా పోవాలన్నదే ఆఫీసు మొత్తాన్ని పట్టి కుదిపేసిన ప్రశ్న. ఎందుకంటే అది అల్లాటప్పా గిటారు కాదు. దాని మీద పెద్దసారు ఇరవై ఏళ్లుగా, రోజూ తెల్లారగట్ల గంటసేపు, గది తలుపులు వేసుకుని సాధన చేస్తున్నారు. ఆ సాధన బయటికి వినిపించదు. వినిపించకపోవడమే దాని గొప్పతనమని ఆయనే ఒకసారి స్టాఫు మీటింగులో వివరించారు: బయటికి వినిపిస్తే అది వాయించడం, లోపలికి వినిపిస్తే అది సాధన. ఆ మాటకు హెడ్ క్లర్కు కళ్లు తుడుచుకున్నాడు. ఓసారి సంతకం కోసం పొద్దున్నే వెళ్లి, గేటు దగ్గర నిలబడి, ఆ వినిపించని సంగీతాన్ని తాను చెవులారా విన్నానని కూడా చెప్పాడు.

ఆ గంటసేపూ పెద్దసారు దుప్పటి ముసుగుపెట్టి హాయిగా నిద్రపోతారన్న సంగతి ఈ భూమ్మీద ఆయనకొక్కరికే తెలుసు.

ఆయన పుట్టు అబద్ధాలకోరేమీ కాదు. పెళ్లికి ముందు, కాబోయే భార్య "మీకు సంగీతం వచ్చా?" అని ఆశగా అడిగితే, లేదనడానికి నోరు రాక "ఏదో కొంచెం" అన్నారు. ఆ కొంచెం అనే మాటను నిలబెట్టుకోవడానికి గిటారు కొన్నారు. గిటారును నిలబెట్టుకోవడానికి సాధన మొదలుపెట్టారు. సాధనను నిలబెట్టుకోవడానికి తలుపులు మూశారు. పాపం ఆ ఇల్లాలు నమ్మింది. ఇరవై ఏళ్లుగా ఆ గంటసేపూ ఇంట్లో పిల్లిలా నడిచింది, కుక్కర్ పెట్టలేదు, కుళాయి తిప్పలేదు, పక్కింటి చంటిపిల్ల ఏడుపు అందుకుంటే వెళ్లి తల్లిని బతిమాలుకుంది. "ఉద్యోగంలో పడి ఇలా ఉండిపోయారు గానీ, లేకపోతే మావారు ఎక్కడ ఉండేవారో" అని నలుగురితో చెప్పుకుని మురిసిపోయేది. ఆ మురిపెం చూసినప్పుడల్లా పెద్దసారు గుండె కలుక్కుమనేది. కలుక్కుమన్నా నిద్ర మాత్రం పట్టేది.

ఇంత చల్లగా సాగుతున్న కళాజీవితంలో కొత్త ఊరి ఆఫీసు నిప్పులు పోసింది. స్వాగత సభలో తమరి గిటారు కచేరీ పెట్టాం, హాలు మాట్లాడాం, ఊళ్లో పెద్దలందరినీ పిలిచాం, అమ్మగారికి ముందు వరసలో కుర్చీ వేయిస్తున్నాం అని అక్కడి సూపరింటెండెంటు ఫోను చేసి మరీ చెప్పాడు. ఆ ఫోను ఎత్తింది ఆవిడే. ఇక ఆవిడ ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

"ఇన్నేళ్లూ తలుపు ఇవతలే ఉండిపోయానండీ. ఎదురుగా కూర్చుని వినడం ఇదే మొదటిసారి" అంది.

ఆ పూట పెద్దసారుకు అన్నం సహించలేదు. కానీ ఇవ్వాల్సినదాన్ని ఇవ్వకుండా, ఇవ్వలేదన్న నింద తన మీదికి రాకుండా చూసుకోవడంలో ఆయనది జీవితకాలపు అనుభవం. మజ్జిగ తాగేలోపు ఉపాయం తట్టింది. గిటారు కొత్త ఊరికి చేరాలి. కానీ ప్రాణాలతో చేరకూడదు. దారిలో పగిలితే తప్పు దారిది. దానికి తోడు భారీగా బీమా చేయించి ఉంటే ఇంక చెప్పేదేముంది? బీమా లేని గిటారు విరిగితే అది చెక్క. బీమా ఉన్న గిటారు విరిగితే అది చరిత్ర. పరిహారం రావడానికి ఎలాగూ ఏళ్లు పడుతుంది. ఈలోగా రిటైరైపోయి, "ఆ గిటారుతోనే నా సంగీతమూ పోయింది" అని నిట్టూరుస్తూ కాలక్షేపం చేయవచ్చు.

బీమా కంపెనీ కౌంటరులో గుమాస్తా విలువ ఎంత వేయమంటారని అడిగాడు. వెలకట్టలేనిదని పెద్దసారు సెలవిచ్చారు. అలా రాసుకునే గడి తమ దగ్గర లేదనీ, ఏదో ఒక అంకె చెబితే పుణ్యముంటుందనీ గుమాస్తా వేడుకున్నాడు. పెద్దసారు చెప్పిన అంకెకు ఆ వీధిలో ఇంటికో గిటారు వస్తుంది. ఆయన ఏ ఊరికి ఏ హోదాలో వెళుతున్నారో తెలిశాక గుమాస్తా లేచి నిలబడ్డాడు. ఆ ఊళ్లో కంపెనీవారు నాలుగంతస్తులకు అనుమతి తీసుకుని అయిదంతస్తులు కట్టుకున్నారు. ఆ అయిదో అంతస్తు తాలూకు ఫైలు పెద్దసారు కూర్చోబోయే బల్ల మీదే ఉంది.

ఇక సర్దడం. ఆ పని ఎవరికీ ఇవ్వనని ఆవిడ తన మీద వేసుకుంది. గిటారు కొన్న కొట్టుకు వెళ్లి అన్నీ అడిగి తెలుసుకుని వచ్చింది. ముందు తీగలు వదులు చేయాలట. బిగువుగా ఉంటే ఆ లాగుడుకు దారి కుదుపులు తోడై మెడ విరుగుతుందట. మెడ కింద మెత్తటి ఆసరా పెట్టాలి. గిటారు పెట్టెను ఇంకో పెద్ద అట్టపెట్టెలో పెట్టి చుట్టూ ఖాళీ లేకుండా కూరాలి. ఎత్తి ఊపితే లోపల ఏదీ కదలకూడదు.

తీగలు వదులు చేయడమన్న మాట వినగానే పెద్దసారు మండిపడ్డారు. బిగువే వాద్యానికి ప్రాణమనీ, తన గిటారు తల వంచుకుని ప్రయాణం చేయదనీ ఖండితంగా చెప్పారు. ఆవిడ సరేనంది. ఆయన స్నానానికి వెళ్లగానే హెడ్ క్లర్కును పిలిచి వదులు చేయించింది. మెడ కింద పెట్టిన తువ్వాలును, గిటారుకు ఉక్కపోస్తుందని ఆయన లాగేశారు. ఆయన ఫోను మాట్లాడి వచ్చేసరికి అక్కడికి రెండు తువ్వాళ్లు వచ్చి చేరాయి. "పగిలే సామాను, జాగ్రత్త" అన్న చీటీని ఆయన గోటితో పీకేస్తే, జిగురు చాలక ఊడిందనుకుని హెడ్ క్లర్కు నాలుగు వైపులా నాలుగు అంటించాడు. చివరికి ఆవిడ బీరువాలోంచి తన శాలువా తీసింది. ఎంత చలిలోనైనా దాచుకునేదే తప్ప కప్పుకునేది కాదు. దాన్ని మడతపెట్టి గిటారు మీద పరిచి, మూత వేసి, పెట్టెను ఊపి, చెవి ఆనించి విన్నది.

"ఇంక కొండ మీద నుంచి దొర్లించినా దీనికేం కాదండీ" అంది.

సంతోషించాల్సిన మనిషి గుమ్మంలో కూలబడ్డారు.

ఆయనకు మిగిలిన ఆశ రవాణావాళ్లే. సామాను విసరడంలో, బోర్లించడంలో వాళ్లకున్న కీర్తి ఆయన ఎరగనిది కాదు. కానీ చేయించిన బీమాయే కొంప ముంచింది. అంత ఖరీదు రాసి ఉన్న సరుకును బస్తాల మధ్య పంపడానికి బీమా కంపెనీకి ధైర్యం చాలలేదు. కారు మాట్లాడి, గిటారును వెనక సీట్లో పడుకోబెట్టి, బెల్టు పెట్టి, గతుకులు వచ్చినచోట దిగి నడిపిస్తారేమో అన్నంత మెల్లగా తీసుకెళ్లారు. పెద్దసారూ భార్యా రైల్లో మూసుకోని కిటికీ పక్కన దుమ్ము తింటూ, ఎవరి మోచేతులో డొక్కలో పొడుస్తుంటే, నడుములు పట్టేసి కొత్త ఊళ్లో దిగారు. గిటారు వాళ్లకంటే ముందే చేరి, నలగకుండా ఎదురుచూస్తోంది.

కళాకారుడు తన వాద్యాన్ని ముందు ఏకాంతంగా చూసుకోవాలని చెప్పి పెద్దసారు తలుపులు వేసుకున్నారు. అట్టపెట్టె కోశారు, లోపలి పెట్టె తెరిచారు, శాలువా తీశారు. ఒక్క గీత పడితే ఒట్టు. ఆయన దాన్నీ, అది ఆయన్నీ కాసేపు చూసుకున్నాక, ఆయన కుర్చీ ఎక్కి, గిటారును బీరువా నెత్తి దాకా ఎత్తి వదిలేశారు. ఆ గిటారు లోంచి ఆయన పుట్టించిన మొట్టమొదటి నాదం అదే. వంటింట్లో గొట్టాలు బిగిస్తున్న మేస్త్రీ సుత్తి దెబ్బల్లో అది కలిసిపోయింది. రెండు ముక్కలనూ పెట్టెలో సర్ది, శాలువా కప్పి, భార్యనూ సూపరింటెండెంటునూ కేకేసి, మళ్లీ తెరిచి చూపించారు.

ఆవిడ మొహం పాలిపోయింది. సూపరింటెండెంటు అట్టపెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, పైన చిన్న సొట్ట కూడా లేదే అన్నాడు. ఈ సంగతి పెద్దసారు ఆలోచించుకోలేదు. దారి మీద నెట్టడానికి వీల్లేదు. ఎవరి మీదైనా నెట్టకుండా ఊరుకోవడానికీ వీల్లేదు.

"సర్దడంలోనే ఎక్కడో..." అని ఆగి, ఉదారంగా భార్య భుజం తట్టి, "పోనీలే, నువ్వు కావాలని చేశావా" అన్నారు.

చెబుతున్న మనకు సిగ్గు వేస్తోంది గానీ ఆయనకు వేయలేదు. ఆ వారమంతా ఆవిడ సరిగ్గా తినలేదు. శాలువా ఒళ్లో పెట్టుకుని, రెండో తువ్వాలు పెట్టకుండా ఉండాల్సిందేమో, తీగల విషయంలో ఆయన మాట వినాల్సిందేమో అని తనలో తను లెక్క చూసుకునేది. పరామర్శకు వచ్చినవాళ్లందరికీ తప్పు నాదేనని తనే చెప్పింది. పెద్దసారు పక్కనే కూర్చుని అడ్డు చెప్పకుండా విన్నారు. రోజుకు నాలుగుసార్లు ఆవిడను క్షమించారు. క్షమించడంలో ఇంత సుఖం ఉందని ఆయనకు ఇంతకాలం తెలియదు.

ఆ ఊరి బీమా మేనేజరు స్వయంగా వచ్చి ముక్కలు చూశాడు. నష్టానికి కారణం పంపినవారు సర్దిన తీరేనని రాసుకున్నాడు. నియమం ప్రకారం అలాంటివాటికి పైసా రాదనీ, కానీ సారు కోసం నియమాన్ని కొంచెం వంచుతామనీ చెప్పాడు. తొందరేం లేదు, ఎన్నేళ్లు పట్టినా ఓపిక పడతానన్నారు పెద్దసారు. మేనేజరు వినయంగా నవ్వి వెళ్లాడు.

కచేరీ సభ సంతాప సభ అయింది. బల్ల మీద తెల్లగుడ్డ, దాని మీద గిటారు ముక్కలు. ఊరి పెద్దలు ఒక్కొక్కరే లేచి, వినే భాగ్యం లేకపోయిన ఆ సంగీతం ఎంత గొప్పదో వర్ణించారు. పెద్దసారు లేచి గద్గద స్వరంతో "ఇక ఈ జన్మకు..." అని మొదలుపెట్టారో లేదో, బీమా మేనేజరు ఓ కొత్త పెట్టె పట్టుకుని వేదిక ఎక్కాడు. తమ కంపెనీ డబ్బు చేతిలో పెట్టి చేతులు దులుపుకునే రకం కాదనీ, పోయిన వస్తువుకు వస్తువే ఇస్తుందనీ, ఇదిగో కొత్త గిటారు అనీ ప్రకటించాడు. బీమా కంపెనీ ఒకటి వారం తిరక్కుండా పరిహారం చెల్లించడం లోకంలో ఎక్కడా విన్నది కాదు. జరగక జరగక జరిగిన ఆ వింత పెద్దసారు నెత్తి మీదే జరగాలా?

శ్రుతి చేయాలి కదా అన్నారాయన. కొట్లోనే చేయించాం అన్నాడు మేనేజరు. మనసు బాగాలేదన్నారు. వాయిస్తే అదే బాగవుతుందని హాలంతా గోల చేసింది. ముందు వరసలో ఆవిడ వారం రోజుల తర్వాత మొదటిసారి తల ఎత్తింది. ఆ కళ్లలోకి చూశాక ఆయన ఇంక కాదనలేకపోయారు.

గిటారు అందుకుని, కళ్లు మూసుకుని, బొటనవేలితో బరికారు. రేకు మీద గులకరాళ్లు పోసినట్టయింది. ఎవరూ ఆపకపోవడంతో మళ్లీ బరికారు, ఇంకాస్త జోరుగా. సూపరింటెండెంటు తల ఊపుతూ తన్మయత్వంలో పడ్డాడు. రెండో వరసలోంచి "ఆహా" వినపడింది. చప్పట్లు మొదలయ్యాయి. హాల్లో చెమటలు పట్టింది ఒక్క బీమా మేనేజరుకే. ఇలాంటి గిటారు సారు చేతిలో పెట్టిన తర్వాత అయిదో అంతస్తు నిలుస్తుందా? పరుగున వెళ్లి రెండు చేతులూ జోడించాడు.

"క్షమించండి సార్, ఆపేయండి. మావాళ్లు పాడైపోయినదాన్ని అంటగట్టారు. మంచి గిటారు ఇలా మోగదు."

చప్పట్లు సగంలో ఆగాయి. మునిగిపోతున్న పెద్దసారుకు గడ్డిపోచ దొరికింది. తనకు మొదటి దెబ్బకే తెలిసిందనీ, మీరు నొచ్చుకుంటారని ఊరుకున్నాననీ చెప్పారు. కళ్లు తెరిచిన సూపరింటెండెంటు తనకూ అప్పుడే అనుమానం వచ్చిందన్నాడు. రెండో వరసవాళ్లు తాము ఆహా అన్నది జాలితోనని సర్దుకున్నారు. రేపే ఇంకో గిటారు తెస్తానని మొక్కుతూ మేనేజరు ముందు వరస వైపు తిరిగాడు.

"అమ్మగారూ, ఇరవై ఏళ్లు విన్న చెవులు మీవి. పాతది ఎలా మోగేదో మీరే చెప్పండి. అచ్చం అలాంటిదే తెప్పిస్తాను."

ఆవిడ భర్త వేళ్ల వంకే చూస్తోంది. మెల్లగా లేచి నిలబడింది. వారం రోజులుగా ఆ మొహం మీద ఉన్న బరువంతా దిగిపోయింది.

"ఇంకోటి ఎందుకు బాబూ? దీనికి ఏ జబ్బూ లేదు. పాతదానికీ లేదు" అంది. తర్వాత వేదిక మీదున్న భర్త వైపు తిరిగి, "అయితే నేను బాగానే సర్దానన్నమాట" అంది.