షెడ్డు ఎవరికి?

ఎండగా ఉందని చెప్పే అధికారం ఇకమీదట మనుషులకు లేదు. చెమట పట్టడం వ్యక్తిగత అభిప్రాయం మాత్రమేనని దీవుల ఉష్ణానుభవ ధ్రువీకరణ విభాగం తేల్చేసింది. (తేల్చిన గదిలో ఏసీలు రెండు, కిటికీ లేదు.)

ఈ సంగతి తెలియక గరాచర్మ బస్టాపు పక్కన చేపలమ్మే దేముడమ్మ ఏళ్ల తరబడి నెత్తిమీదికి ఓ రేకుల షెడ్డు అడుగుతోంది. పొద్దెక్కితే ఆమెకు కళ్లు తిరుగుతాయి. కిందటి వేసవిలో చేపల బుట్ట మీదే పడిపోయింది కూడా. కానీ అందుకు చేపలు తప్ప శాస్త్రీయ సాక్ష్యం లేదు. అందుకని విభాగం పెద్ద మనసు చేసుకుని ఆమెను వాతావరణ–ఆరోగ్య పరిశోధనలో చేర్చుకుంది. ఒంటి వేడీ నాడీ కొలిచి ఆఫీసుకు పంపే చేతిపట్టీ ఇచ్చింది. ఎండదెబ్బ తగులుతోందని పట్టీ చెబితే షెడ్డు ఖాయం.

పట్టీ తెచ్చిన ఉద్యోగి జీవానందం మంచివాడే, భయస్థుడు.

"పిన్నీ, ఇది సర్కారీ సామాన్. ధూప్ తగిలితే ఖరాబైపోద్ది. మళ్లీ జవాబు నేనే చెప్పాలి."

"నానున్నాను గదా బాబూ, ఫికర్ సెయ్యకు," అంది దేముడమ్మ.

ఎండకు పాడవకూడనిది ఏదైనా ఆమె పెట్టే చోటు ఒకటే. పట్టీని ఐసుపెట్టెలో సూర చేపల మధ్య భద్రంగా పెట్టింది.

వేసవంతా ఆమె ఒంటి వేడి నాలుగు డిగ్రీలు దాటలేదు. నాడి అసలే లేదు. దాన్ని విభాగం 'గాఢ విశ్రాంతి'గా గుర్తించింది. దీవులు చల్లబడుతున్నాయని పెద్ద అధికారి సత్యవేదం గారు సభలో ప్రకటిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. దేముడమ్మకు వెంటనే ఉన్ని రగ్గు మంజూరైంది.

రగ్గు అందిన రోజే ఆమె మళ్లీ పడిపోయింది. రగ్గు తెచ్చిన జీవానందం ఆమె మొహాన నీళ్లు కొట్టి, ఆటో ఎక్కిస్తూనే సత్యవేదం గారికి ఫోను చేశాడు.

"సార్, పిన్ని బేహోష్ అయిపోయింది! ఒళ్లు కాలిపోతోంది!"

"ఇక్కడ నాలుగే చూపిస్తోందే?"

"పట్టీ ఐసులో ఉంది సార్."

"అయ్యో! పాడవలేదు కదా?"

ఆసుపత్రిలో ఈ మాట విన్న దేముడమ్మకు ఒళ్లు మండింది. (ఆ మంటను కొలిచే పరికరం ఇంకా రాలేదు.) "ఈసారి నా సేతికే కట్టు. నానూ సూస్తాను," అంది. కట్టించుకుని, తిరిగొచ్చి ఎండలోనే కూర్చుంది. మధ్యాహ్నానికి పట్టీ వేడెక్కి, తన ఆరోగ్యం దృష్ట్యా పనిచేయడం మానేసింది.

ఈ వార్తకు విభాగం కదిలిపోయింది. ఎండ తీవ్రత ఎట్టకేలకు రుజువైంది. వారం తిరక్కుండా రేకుల షెడ్డు వేశారు, పట్టీకి.

దేముడమ్మ మాత్రం బయటే కూర్చోవాలట. ఎండ మీద పరిశోధన కదా, ఎవరో ఒకరు ఎండలో ఉండాలి.