ఆ వాన వానపిట్టదే

మధ్యాహ్నంలోగా సీరియల్ చివరి భాగానికి డబ్బింగ్ ముగించాలి, రాత్రి ప్రసారానికి పంపాలి, ఆపైన ఇంటికి వెళ్లి కంటినిండా నిద్రపోవాలి. ఆ ఉదయం డబ్బింగ్ రచయిత్రి వేసుకున్న పథకం ఇంతే. దానికి అడ్డుపడినది తెరమీది వాన.

ఆ పరభాషా సీరియల్‌లో నాయకుడు మెరుపుమనిషి. అతనికి తోడుగా పోరాడే యువతి వానపిట్ట. ఆమె చేయి చాస్తే చాలు, మబ్బు కదిలి వస్తుంది. మొదటి రెండు సీజన్లలో ఆమె ఆర్పని మంట లేదు, తడపని గొంతు లేదు. గెలిచిన చోట నిలవదు, పొగడ్త వినపడేలోగా వెళ్లిపోతుంది. రచయిత్రికి ఆమె అంటే ప్రాణం. అటువంటి మనిషిని మూడో సీజన్‌లో కిటికీ దగ్గర నిలబెట్టారు. ముఖం అటు, వీపు ఇటు. ఆమెకిక మిగిలిన పని నిట్టూర్చడం.

చివరి భాగంలో కర్మాగారం తగలబడింది. అంతలో వాన పడింది, దానంతట అదే. మేయరు ఇచ్చిన పతకం మెరుపుమనిషికి దక్కింది.

"వాన కురిపించే పిల్లని ఇంట్లో పెట్టుకుని, వాన దానంతటదే వచ్చిందట పిన్నీ! రాసినవాళ్లకి కాస్తయినా సిగ్గుండొద్దూ?" అంది రచయిత్రి.

వానపిట్టకు గొంతు ఇచ్చే పిన్ని మైకు ముందు మంచినీళ్లు తాగింది. "నన్నేం అడుగుతావే తల్లీ! ఇంట్లో ఆ నిట్టూర్పులు సాధన చేస్తుంటే ఆయాసం అనుకుని మీ బాబాయి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లారు. వచ్చే సీజన్‌కి వట్టి నిట్టూర్పుల కోసం వేరే మనిషి దండగ, నేను అక్కర్లేదని ఛానెల్‌వాళ్లు చెప్పేశారుగా."

రచయిత్రి తెరవంక చూసింది. ముఖం కనిపిస్తే పెదవుల కదలికకు మాట అతకాలి. వీపు కనిపిస్తే ఆ బెంగ లేదు. వీపు ఎంత మాటనైనా మోస్తుంది. వానపిట్ట మెరుపుమనిషితో అనేందుకు ఒక్క వాక్యం రాసి పిన్నికి అందించింది.

"మీరు మనుషుల్ని బయటికి తీసుకురండి. వాన సంగతి నేను చూసుకుంటాను."

పిన్ని గొంతు పెంచలేదు, వణికించలేదు. ఎండిన నేలమీద తొలి చినుకు పడినట్టు పలికింది.

"ఇంకోసారి చెప్తారా అమ్మా?" అన్నాడు రికార్డిస్టు.

"ఏం, బాగా రాలేదా?"

"వచ్చింది. మళ్లీ విందామని."

తరువాతి దృశ్యంలో మెరుపుమనిషి ముఖం తెరనిండా ఉంది. అతనికి గొంతు ఇచ్చేది పిన్ని భర్తే.

"'ప్రకృతే నన్ను కాపాడింది' అని ఉందే ఇక్కడ," అన్నాడు బాబాయి. "ఆ అమ్మాయి అంత చేశాక ఇలా అంటే నేను విశ్వాసం లేనివాణ్ణయిపోనూ?"

"వానపిట్టే నన్ను కాపాడింది" అని మార్చారు. పెదవులకు చక్కగా అతికింది. అయితే ఆ మాట విన్న మేయరు పతకం అతనికే ఎందుకు ఇచ్చినట్టు? "ఇది ఆమెకు అందజేయండి" అని మేయరు చేత అనిపించారు. అదీ అతికింది. కానీ తెరమీద మెరుపుమనిషి కారెక్కాడు, పతకాన్ని ముద్దుపెట్టుకున్నాడు, తన జేబులో వేసుకున్నాడు. జైల్లో టీవీ చూస్తున్న విలన్ పకపకా నవ్వాడు.

"ఒసేయ్, నన్ను దొంగని చేశావే!" బాబాయి మైకు వదిలి లేచాడు. "ఆ వెధవ కూడా నన్ను చూసి నవ్వుతున్నాడు!"

"వాడు మొదట్నుంచీ నవ్వుతూనే ఉన్నాడండీ, మీరిప్పుడు చూశారు," అంది పిన్ని.

"పాత మాటలే మళ్లీ పెట్టేద్దామా?" రికార్డిస్టు అడిగాడు.

పిన్ని చేతిసంచి అందుకుంది. రచయిత్రి తల అడ్డంగా ఊపింది. "నా ఉద్యోగం పోయినా సరే, ఆ వాన మాట తీయలేను బాబాయ్."

"అది తీయమని ఎవరన్నారే? నా జేబులోంచి ఆ పతకం తీయమంటున్నా!"

తలుపు తెరుచుకుంది. ఆమోదముద్ర వేయడానికి ఛానెల్ అధికారి వచ్చాడు. మొదటి నుంచి చివరి వరకు రెప్ప వేయకుండా చూశాడు.

"అసలు దాంట్లో ఇలాగే ఉందా?"

"లేదు సార్," అంది రచయిత్రి. "మార్చింది నేనే. వీళ్ల తప్పేం లేదు."

అధికారి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఈ సీజన్ మొదలైన దగ్గర్నుంచీ మా అమ్మ నాకు సరిగ్గా అన్నం పెట్టడం లేదు. వానపిట్టని కిటికీకి కాపలా పెట్టింది నేనేనట! ఆ వాన మాట ఉండాల్సిందే. వచ్చే సీజన్‌లోనూ ఈవిడ గొంతే ఉండాలి. కానీ ఆ పతకం? ఇలా పంపిస్తే మా అమ్మ నన్ను గుమ్మం ఎక్కనివ్వదు. ఎక్కడా ఇంకో వీపు లేదా?"

వెతికారు. కారులో డ్రైవరు వీపు దొరికింది. బాబాయి గొంతు నాయకుడిది, రికార్డిస్టు యంత్రం వదలలేడు. అధికారి చొక్కా సర్దుకుని, గొంతు సవరించుకుని, మైకు ముందుకు వెళ్లాడు.

"సార్, ఆ పతకం వానపిట్టమ్మగారింట్లో ఇచ్చేసి వెళ్దామా?"

తెరమీద కారు గతుకులో పడింది. మెరుపుమనిషి తల కిందికీ పైకీ ఊగింది.

ఆ రాత్రి ప్రసారం సవ్యంగా సాగింది, అధికారి కడుపు నిండింది. మరుసటి వారం కొత్త సీరియల్ రాగానే, అందులో డ్రైవర్లు ఎంతమంది ఉన్నారని ఆయన ఫోన్ చేసి కనుక్కున్నాడు.