ఆడిటర్‌గారి మీటరు

ఆదివారం పొద్దున్నే, ముఖమైనా కడుక్కోకుండా, ఆడిటర్‌గారు టార్చిలైటు పట్టుకుని ఫ్రిజ్ వెనక్కి దూరారు. దాని వీపున అతికించిన కాగితం మీద ఎన్ని వాట్లని రాసుందో చూడాలి. రోజుకు ఎన్ని గంటలు నడుస్తుందో దాంతో హెచ్చవేయాలి. అలా ఇంట్లో ప్రతి వస్తువూ ఎంత కరెంటు మింగుతోందో తేల్చి, సాయంత్రానికల్లా భార్య నోరు మూయించాలి. ఆనాటి కార్యక్రమం అది.

పాపం ఆమె అడిగింది ఒక పెద్ద ఓవెన్. వీధి చివరి బేకరీవాళ్లు రోజూ కేకులు చేసిచ్చే పని ఆమెకిస్తామన్నారు. ఔనో కాదో ఆ సాయంత్రమే చెప్పాలి.

"ఉన్న బిల్లుకే నడ్డి విరుగుతోంది. దాని మీద ఓవెన్ కూడానా? ముందు నీ మిక్సీ సంగతి తేలనీ!"

"మరి మీ ఏసీ?"

"ఏసీ అవసరం."

ఆడిటర్‌గారి లెక్కలో ఆయన వాడేవి అవసరాలు, మిగతావాళ్లు వాడేవి దుబారా. గీజరు ఆయన అవసరం, ఇస్త్రీపెట్టె ఆయన అవసరం. ఆఫీసులో ఆయన వస్తున్నారంటే గుమస్తాలు పెన్సిళ్లు కూడా దాచుకునేవారు.

మధ్యాహ్నానికి లెక్క తేలింది. నెలనెలా వచ్చే బిల్లుకు మూడింతలు తేలింది. ఇంకొకడైతే అక్కడ ఆగి బుర్ర గోక్కునేవాడు. ఈయన మాత్రం కంపెనీలన్నీ అబద్ధాలు రాశాయని తీర్మానించి, మొత్తాన్ని మూడుతో భాగించారు. లెక్క చక్కగా సరిపోయింది.

"అదేంటి బావా, అలా భాగించేశావ్?" అన్నాడు బావమరిది. అక్క చేతి భోజనానికని వచ్చి ఇరుక్కుపోయిన మనిషి.

"అనుభవంరా! సరే, కాగితాల్ని నమ్మొద్దు. మీటర్నే అడుగుదాం. కిందికి పద."

మీటర్లు మెట్ల కింద ఉన్నాయి. ఆ మెట్ల మీద ఉన్నవి రెండే ఇళ్లు, కాబట్టి మీటర్లూ రెండే. ఇంట్లో కరెంటు వాడుతున్నంతసేపూ మీటరు మీద చిన్న ఎర్ర దీపం మిణుకుమంటుంది. ఎంత ఎక్కువ వాడితే అంత హడావిడిగా. బావమరిది ఆడిటర్‌గారి ఇంటి నంబరున్న మీటరు ముందు నిలబడ్డాడు. పైనుంచి ఆయన ఫోనులో ఆజ్ఞలు మొదలుపెట్టారు.

"ఫ్యాన్లన్నీ కట్టేశాను. ఆగిందా?"

"లేదు బావా, మెరుస్తోంది."

"ఫ్రిజ్ కూడా తీసేశాను."

"మెరుస్తోంది."

"మెయినే తీసేశాన్రా!"

"హాయిగా మెరుస్తోంది బావా. పై ఇంటి మీటరే చచ్చినట్టు పడుంది."

"పై ఇంటిది నీకెందుకురా! మనది చూడు!"

ఇంట్లో అన్నీ ఆగిపోయినా మీటరు తిరుగుతోందంటే అర్థం ఒక్కటే. తన మీటరు నుంచి ఎవరో కరెంటు లాగుతున్నారు. ఎవరో కాదు, పై ఇంట్లో ఒంటరిగా ఉండే సంగీతం టీచరుగారే! ఆవిడ ప్రతి నెలా బిల్లు ఎక్కువొచ్చిందని గొణుగుతూనే ఉంటుంది. దొంగలు అలాగే గొణుగుతారని ఆయన వృత్తి ఆయనకు నేర్పింది.

గడియ తిరక్కుండా మెట్ల దగ్గర జనం పోగయ్యారు. ఇళ్ల సంఘం కార్యదర్శి కూడా, తింటున్న చెయ్యి కడుక్కుని, వచ్చాడు.

"ఒకరి కరెంటు ఇంకొకరు వాడితే, మొదటి నెల నుంచీ మొత్తం కక్కాలి! ఏమంటారు?" అని గర్జించారు ఆడిటర్‌గారు.

"ఎవరైనా సరేనా అండీ?" అన్నాడు కార్యదర్శి.

"ఎవరైనా సరే! రేపు నేనైనా సరే!"

టీచరుగారు గబగబా మెట్లు దిగి వచ్చింది. "నన్ను దొంగంటున్నారా? బిల్లుకు భయపడి ఎండాకాలం కూడా ఫ్యాను వేసుకోవడం మానేశానండీ."

"మీ మెయిన్ కట్టెయ్యండి. నిజమేదో మీటరే చెబుతుంది."

ఆవిడ పైకెళ్లి కట్టేసింది. ఎర్ర దీపం ఠక్కున ఆరిపోయింది. జనం 'అమ్మో' అన్నారు. ఆడిటర్‌గారు మీసం మీద చెయ్యేశారు. టీచరుగారు చెంగుతో కళ్లు ఒత్తుకుంటూ మెట్ల మీదే కూలబడింది.

అంతదాకా గుమ్మంలో నిలబడి చూస్తున్న భార్య అప్పుడు కదిలింది. "టీచరుగారూ, మీది అలాగే ఉంచండి. ఇప్పుడు మా మెయిన్ పెట్టి, ఇంట్లో అన్నీ వేస్తాను."

"ఎందుకే?"

"పరీక్షంటే రెండువైపులా ఉండాలి కదండీ?"

ఏసీ గుర్రుమంది. గీజరు వేడెక్కింది. ఇస్త్రీపెట్టె సెగలు కక్కింది. ఆడిటర్‌గారి మీటరు ఉలకలేదు, పలకలేదు. పై ఇంటి మీటరు మాత్రం పూనకం వచ్చినట్టు మెరవడం మొదలెట్టింది.

"బావా, ఇప్పుడు పై ఇంటిది చూడొచ్చా?" అన్నాడు బావమరిది వినయంగా.

ఇల్లు కట్టినవాడు తీగలు తారుమారు చేశాడు. ఇన్నేళ్లూ టీచరుగారి ఒంటి దీపం బిల్లు కట్టి ఆడిటర్‌గారు గుండెలు బాదుకున్నారు. ఆయన ఏసీ బిల్లు కట్టి ఆవిడ చెమటలు కార్చింది.

"ఇది... సాంకేతికమైన పొరపాటు..." అని ఆయన నసిగారు.

"మొదటి నెల నుంచీ అన్నారండీ. నేనైనా సరే అని కూడా అన్నారు," అని గుర్తుచేశాడు కార్యదర్శి. అందరూ తలలూపారు.

టీచరుగారు తేరుకుని ఆడిటర్‌గారి భార్య వైపు చూసింది. "అంత డబ్బు నేనేం చేసుకుంటానమ్మా? ఓవెన్ కొనుక్కుని మా వంటింట్లో పెట్టుకుందాం. లాభం చెరిసగం. సరేనా?"

"బేకరీవాళ్లకు ఔనని చెప్పేస్తున్నా," అంటూ భార్య అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

"మరి ఓవెన్ తినే కరెంటో?" అన్నారు ఆడిటర్‌గారు, అలవాటు చావక.

"అది పై ఇంటి ఖర్చండీ. మీరు మన ఏసీ సంగతి చూసుకోండి."

వారం తిరక్కుండా తీగలు సరిచేశారు, ఓవెన్ వచ్చింది, ఆడిటర్‌గారు కిటికీలు తెరుచుకుని పడుకోవడం నేర్చుకున్నారు. పైనుంచి కేకుల వాసన మాత్రం ఉచితంగానే దిగుతోంది.