పర్యావరణం ఓబులేష్

కారు అమ్మేసినప్పటి నుంచి కర్నూల్లో అందరూ నన్ను పర్యావరణం ఓబులేష్ అంటున్నారు. అంతకుముందు చీరల ఓబులేష్‌ని. కారు ఇచ్చి పేరు తెచ్చుకున్నాను. నేను చేసిన బేరాల్లో ఇంత అడ్డంగా తిరిగింది ఇంకొకటి లేదు.

అన్నం ముందు కూర్చుని మా ఆవిడ శివకుమారికి సంగతి చెప్పాను.

"కారు అమ్మేసినా. పొగతో ఊరు చెడిపోతాంది. మన వంతు మనం చేయాల కదా."

"దుకాణంలో ప్లాస్టిక్ కవర్లు మానప్పా అంటే గిరాకీ పోతాదంటివి. ఇప్పుడు ఊరి గాలి గుర్తొచ్చినాదా?"

"మనిషి మారకూడదా?"

"మారచ్చు. నువ్వు మారినావంటే మాత్రం డాక్టరుకు చూపించుకోవాల."

కంచంలోకి చూస్తూ ముద్ద కలిపాను. డాక్టరుకు చూపించుకునే వచ్చాను మరి. కంటి నరం ఎండిపోతోందన్నాడాయన. చుక్కల మందు వేసుకుంటే ఉన్న చూపు కొన్నాళ్లు నిలుస్తుందట. పోయిన చూపు మాత్రం తిరిగి రాదు.

రంగులు పోల్చలేని చీరల వ్యాపారి దగ్గరికి ఎవరొస్తారు? శివకుమారికి తెలిస్తే ఏడుస్తుంది. ఈ రెండు నష్టాలకూ పర్యావరణాన్ని అడ్డం పెట్టాను.

అందులో ఒక లాభం కూడా చూసుకున్నాను. కారెక్కితే చాలు, గేదె కనపడినా గుంత కనపడినా ఆమె నోరు ఆగేది కాదు. "అదో ఎనుము, ఎంత నల్లగుండాదో సూడు." "ఈ గుంత ఇంకా పూడ్చలేదే." "ఆ ముసలాయన యాడ దాటుతాండాడప్పా." ఏడాదిగా రోడ్డంతా చదివి వినిపించింది. ఆ వాగుడు తప్పిందనుకున్నాను.

మా వీధిలో ఉండే జయకుమార్ మాస్టరు బడికి పిలిచి శాలువా కప్పించాడు. మాట్లాడమంటే గాలి గురించి మాట్లాడాను. గాలి ఎవరికీ కనపడదు కాబట్టి ఇబ్బంది రాలేదు.

బస్సుల దగ్గరే చిక్కు. బోర్డు చదవలేను. ఎవరినైనా అడిగితే గుట్టు బయటపడుతుంది. ఇంటివైపు వెళ్లే బస్సు రోజూ ఒకేచోట ఆగుతుంది కనుక చోటును నమ్ముకుని ఎక్కేవాణ్ని. పోయిన వారం సాయంత్రం ఆ చోట వేరే బస్సు ఆగింది.

బస్సు కదిలాక వెనక సీటులోంచి జయకుమార్ గొంతు వినిపించింది. "ఏమన్నా, నందికొట్కూరులో ఏం పని?"

దిగిపోతే బోర్డు చూడలేదా అంటాడు. "పనేమీ లేదప్పా. బస్సులో తిరిగితే ఊరికి మంచిది కదా" అన్నాను.

"చూసినారా, ఈయప్ప పని లేకున్నా బస్సెక్కుతాడు" అని బస్సంతా వినేటట్టు చెప్పాడు. ఆ గౌరవం పోకుండా చివరిదాకా టికెట్టు తీసుకున్నాను.

నందికొట్కూరులో దిగి మాస్టరు తన దారిన పోయాడు. చీకటి పడింది. బస్టాండులో బస్సులన్నీ మసకగా, ఒకేలా ఉన్నాయి. కర్నూలు బస్సు ఏదని ఒక్కరిని అడిగితే సరిపోయేది. నోరు రాలేదు. శివకుమారికి ఫోన్ చేశాను.

"వ్యాపారం పని మీద నందికొట్కూరు వచ్చినా. ఆలస్యమైతాది."

"లైటు కింద కూచో. ఆడనే ఉండు, కదలాకు. నేను వస్తాండా."

వచ్చింది. నా పక్కన కూర్చుని కొంగు ముడి విప్పి చుక్కల మందు సీసా తీసింది. ఇంట్లో పాత పంచెల మడతలో నేను దాచిన సీసా అది.

"తల పైకెత్తు. పొద్దుగూకినాక వేసుకోవాల కదా."

తల ఎత్తాను. చుక్క చల్లగా పడింది.

"ఎప్పటి నుంచి తెలుసు?"

"ఎనుము అందం సూడమని ఊరికే చెప్తానా నేను?"

లెక్క అప్పుడు అర్థమైంది. ఏడాదిపాటు ఆ కారు నా చూపుతో నడవలేదు, ఆమె మాటలతో నడిచింది.

"మరి నన్ను అడగలేదే?"

"నువ్వే చెప్తావని సూస్తాంటి."

కర్నూలు బస్సు ఆమే చూసి ఎక్కించింది.

మా వీధి మలుపులో దిగేసరికి దీపాలు సరిగా లేవు. శివకుమారి నా చెయ్యి పట్టుకుంది. పెళ్లిలో పట్టుకున్నాక మళ్లీ వీధిలో పట్టుకోవడం అదే మొదటిసారి.

గడపలో కూర్చున్న పొరుగింటి సోమక్క ఊరుకుంటుందా? "ఏం శివమ్మా, ఈ వయసులో చేతులు పట్టుకొని షికారా?"

"పర్యావరణం కోసం, అక్కా" అంది మా ఆవిడ.

రెండడుగులు వేశాక, నాకు మాత్రమే వినపడేలా అంది: "కాలువ ఉండాది. కుడికి రా."